ఆయ్ అన్నారంటే అర్థమైందని కాదు

మన కోనసీమలో అన్నిటికన్నా మర్యాదైన మాట 'ఆయ్'. పెద్దవాళ్ళు పిలిస్తే ఆయ్, పని చెబితే ఆయ్, బస్సులో కండక్టరు లోపలికి జరగమంటే ఆయ్. బయటి ఊళ్ళవాళ్ళు మనల్ని ఈ మాటతోనే గుర్తుపడతారు. సినిమాల్లో ఈ మాట పెట్టి నవ్విస్తారు. నవ్వితే నవ్వనివ్వండి, అది మన సంస్కారం. కానీ ఈ మర్యాద మన ప్రాణం మీదకి తెచ్చే చోటు ఒకటుంది. అది ఆసుపత్రి.

రోగిని ఇంటికి పంపించే సమయంలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సిస్టరు చేతిలో నాలుగు కాగితాలు ఉంటాయి. అవతలి మంచం దగ్గర సెలైన్ అయిపోవస్తూ ఉంటుంది. గుమ్మంలో కొత్త కేసు దిగుతూ ఉంటుంది. "ఇది రెండు పూటలా, ఇది రాత్రికి, ఇది పరగడుపున, పదిహేను రోజులకి మళ్ళీ రండి. అర్థమైందా?" అని అడుగుతారు. "ఆయ్ అండీ" అంటారు మనవాళ్ళు. ఆ 'ఆయ్'లో గౌరవం ఉంది, మొహమాటం ఉంది, ఇల్లు చేరాలన్న తొందర ఉంది, మళ్ళీ అడిగితే విసుక్కుంటారేమోనన్న భయం ఉంది. అర్థమవడం మాత్రం ఉండకపోవచ్చు.

డాక్టరు చెప్పిన విషయాల్లో 40 నుంచి 80 శాతం రోగి అప్పటికప్పుడే మర్చిపోతాడని, గుర్తున్నదాంట్లో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో బ్రిటన్ వైద్య పత్రిక ఒకదాంట్లో వచ్చిన వ్యాసం తెలిపింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో సంగతి బయటపెట్టింది. బీపీ, సుగరు లాంటి దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్ళలో చెప్పినట్టు మందులు వాడేది ధనిక దేశాల్లో కూడా సగం మందేనట. అందరూ చదువుకున్న దేశాల్లోనే పరిస్థితి అలా ఉంటే, మన లంక గ్రామాల సంగతి వేరే చెప్పాలా?

అందుకని ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రోగికి అతని భాషలో, అతని ఇంటి పరిస్థితికి తగ్గట్టు చెప్పడం కూడా మందు ఇవ్వడం లాంటిదే. అది నర్సమ్మ దయతలచి చేసే అదనపు పని కాదు, వైద్యంలో భాగం. ఇంజెక్షన్ ఇచ్చారా లేదా అని ఎలా లెక్క చూస్తారో, చెప్పారా లేదా, రోగికి అర్థమైందా లేదా అని కూడా అలాగే లెక్క చూడాలి.

మన హాస్టల్ నుంచే మొదలుపెడదాం

దూరం పోనక్కర్లేదు. హాస్టల్లో ఉన్నవాళ్ళకి గజ్జి గురించి నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒకరికి వస్తే గదిలో అందరికీ వస్తుంది. మందు వస్తుంది, రాసుకుంటాం, తగ్గినట్టే ఉంటుంది, నెల తిరక్కుండానే మళ్ళీ వస్తుంది. "ఈ మందు పనిచేయదు" అని తేల్చేస్తాం. నిజానికి మందు మంచిదే. దాన్ని వాడే పద్ధతి ఎవరూ చెప్పలేదు.

గజ్జికి కారణం చర్మంలో దూరే కంటికి కనపడని పురుగు. పర్మెత్రిన్ మందు దురద ఉన్న చోట మాత్రమే రాస్తే సరిపోదు. మెడ దగ్గర నుంచి అరికాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద కూడా రాసి రాత్రంతా ఉంచుకుని పొద్దున్నే స్నానం చెయ్యాలి. వారానికి మళ్ళీ ఒకసారి రాయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, దురద ఉన్నా లేకపోయినా గదిలో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. ఆ రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళతో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. ఉతకడానికి వీల్లేనివి మూటకట్టి మూడు నాలుగు రోజులు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, దానికి కంగారుపడి రోజూ మందు రాసుకోకూడదు.

ఈ మాటలన్నీ చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు లేకపోతే పెట్టెడు మందు తెచ్చినా దండగే. అయిదు నిమిషాల మాట మందులో సగం అనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

చెట్టు మీద నుంచి పడినవాడి ఇల్లు

మనలో చాలామంది నాన్నలు, మావయ్యలు దింపు కార్మికులు. కాళ్ళకు తాడు వేసుకుని 50, 60 అడుగుల కొబ్బరిచెట్టు ఎక్కి దింపు తీస్తారు. కోనసీమ పచ్చదనం గురించి ఫొటోలు తీసేవాళ్ళకి ఆ చెట్టు అందం కనిపిస్తుంది. మనకి ఆ చెట్టు మీద ఉన్న మనిషి కనిపిస్తాడు. చెట్టు మీద నుంచి పడి వెన్నెముక దెబ్బతిన్న మనిషి లేని ఊరు మన ప్రాంతంలో అరుదు.

అలా పడినవాణ్ణి చూసిన కంగారులో మనం ఏం చేస్తాం? లేపి కూర్చోబెడతాం, నీళ్ళు పడతాం, ఇద్దరి మధ్య మోటారు సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పరుగెత్తిస్తాం. ప్రేమతోనే చేస్తాం. కానీ విరిగిన వెన్నుపూస లోపలి నరాలను కోసేది ఆ కదలికల్లోనే కావచ్చు. మెడ, నడుము వంగకుండా, నలుగురూ కలిసి ఒక్కసారిగా ఎత్తి, తలుపు చెక్క లాంటి చదునైన బల్ల మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. 2005లో మొదలైన 108 అంబులెన్సులో అందుకు తగిన బల్ల, పనివాళ్ళు ఉంటారు. ఫోను చేసి, వచ్చేదాకా కదపకుండా ఉంచడమే మనం చెయ్యగల మేలు.

అసలు కథ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదలవుతుంది. నడుము కింద స్పర్శ లేని మనిషికి ఒకే పక్కన పడుకుంటే నొప్పి తెలియదు. నొప్పి తెలియదు కాబట్టి కదలడు. కదలకపోతే ఎముక ఒత్తుకున్న చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. తోక ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర మంచం పుండ్లు పడతాయి. అవి ఎముక దాకా పోతాయి. చెట్టు మీద నుంచి పడి బతికినవాడు ఆ పుండ్లు విషమించి చనిపోవడం ఎంత దారుణం!

దీనికి మందు రెండు గంటలకోసారి పక్క మార్చడం. రాత్రి కూడా మార్చాలి. రోజూ వీపు, మడమలు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే ఆ ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది మొదటి హెచ్చరిక. అక్కడ రుద్దకూడదు, ఆ పక్కన పడుకోబెట్టకూడదు. దుప్పటి తడిగా, ముడతలుగా ఉండకూడదు. మూత్రం సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే వేలాడాలి, పైకెత్తితే పాత మూత్రం వెనక్కి పోయి జ్వరం వస్తుంది. గొట్టం ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇవన్నీ చేసేది ఎవరు? ఆ ఇంటి ఇల్లాలు. ఒక్కోసారి ఆమె కూడా ఇంట్లో ఉండదు. రాజోలు, అమలాపురం పక్క ఊళ్ళలో ఎంతమంది తల్లులు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళలో పనికి వెళ్ళారో మనకు తెలుసు. అప్పుడు మంచం పక్కన ఉండేది అరవై అయిదేళ్ళ మామ్మ, లేదా తొమ్మిదో తరగతి చదివే పిల్ల. ఆసుపత్రిలో మూడు షిఫ్టుల్లో ముగ్గురు చదువుకున్న నర్సులు చేసే పని, ఇంట్లో ఒక్క మామ్మ చెయ్యాలి. ఆమెకు నేర్పకుండా పంపించడం అంటే నర్సు లేని వార్డుకి రోగిని పంపించడమే. ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో సిస్టరు పక్క మార్చేటప్పుడు మామ్మని కూడా పిలిచి, "మీరూ ఓ చెయ్యి వెయ్యండి మామ్మగారూ" అని ఆమె చేత చేయిస్తే చాలు. ఇంటికెళ్ళేనాటికి ఆమె సగం నర్సు అయిపోతుంది.

ఎర్ర మూత్రం, ఆరు నెలల మందు

క్షయ జబ్బు సంగతి తీసుకుందాం. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు, జ్వరం మాత్రం తొలి నెలల్లోనే తగ్గుముఖం పడతాయి. ఆకలి పుడుతుంది, ఒళ్ళు చేస్తుంది. "తగ్గిపోయింది కదండీ, ఇంకెందుకండీ మందులు" అని మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగని మొండి క్రిములుగా తయారవుతాయి. తర్వాత వైద్యం ఇంకా కష్టం, ఇంట్లో పిల్లలకి కూడా ప్రమాదం.

ఇంకొకటి ఉంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అనేది మూత్రాన్ని నారింజ రంగులో, ఎర్రగా మారుస్తుంది. చెమట, కన్నీళ్ళు కూడా రంగు మారొచ్చు. దానివల్ల ఏ హానీ లేదు. కానీ ఈ సంగతి ముందే చెప్పకపోతే రోగి ఏమనుకుంటాడు? రక్తం పోతోందనుకుంటాడు. మందు వేడి చేసిందనుకుని మర్నాటి నుంచి ఆపేస్తాడు. "మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడకండి. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే రండి" అన్న రెండు మాటలు ఆరు నెలల వైద్యాన్ని నిలబెడతాయి.

క్షయ విషయంలో మన దక్షిణాది ప్రపంచానికే పాఠం చెప్పింది. ఒకప్పుడు ఈ జబ్బు వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందే అనుకునేవారు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. కొందరిని శానిటోరియంలో పెట్టారు, కొందరికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి మందులిచ్చారు. ఇళ్ళకు వెళ్ళి మందులు వాడుతున్నారో లేదో చూసుకున్నారు. 1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియంలో ఉన్నవాళ్ళతో సమానంగా ఇళ్ళలో ఉన్నవాళ్ళకీ జబ్బు నయమైంది. మంచి గాలి, మంచి తిండి, మెత్తటి మంచం లేకపోయినా నయమైంది. పేదవాడి ఇంట్లో కూడా వైద్యం జరుగుతుందని, దానికి కావలసింది మందు, దానితోపాటు ఇంటి గుమ్మందాకా వెళ్ళి మాట్లాడే మనిషి అని అది రుజువు చేసింది.

సుగరు, కాలు, కుండ

ఇక సుగరు. మన ఇళ్ళలో సుగరు అంటే తీపి మానేయడం, అన్నం తగ్గించడం. అంతవరకే తెలుసు. కాలు గురించి ఎవరు చెబుతున్నారు? సుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మన ఆడవాళ్ళు చెప్పులు లేకుండా చేలో దిగుతారు, కొబ్బరితోటలో నడుస్తారు. ముల్లు గుచ్చుకున్నా, పెంకు కోసినా తెలియదు. వారం తర్వాత వాసన వస్తే చూసుకుంటారు. అప్పటికి వేలు పోతుంది, ఆలస్యమైతే కాలు పోతుంది. రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని, అరికాలు అద్దంలో చూసుకోవడం, లేదా మనవరాలి చేత చూపించుకోవడం ఒక్క పైసా ఖర్చు లేని వైద్యం. తిమ్మిరిగా ఉందని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టినా, నిప్పుల సెగ చూపించినా కాలిపోతుంది తప్ప తెలియదు.

ఇన్సులిన్ రాసిచ్చి "ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అంటారు. "ఆయ్" అంటారు మనవాళ్ళు. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడిగేదెవరు? లేదని చెప్పడానికి సిగ్గు. ఇంటికొచ్చి రేకుల కప్పు కింద గూట్లో పెడతారు. ఎండాకాలం ఆ వేడికి మందు బలం పోతుంది. తర్వాత సుగరు తగ్గలేదని మోతాదు పెంచుతారు. అదే, "ఫ్రిజ్ లేకపోతే మూతపెట్టిన చిన్న డబ్బాలో సీసా పెట్టి, ఆ డబ్బాని తడి ఇసుక మీద నిలబెట్టిన మట్టికుండలో ఉంచండమ్మా, వాడుతున్న సీసా నాలుగు వారాలకి మించి వాడకండి" అని చెబితే? కుండ లేని ఇల్లు ఉండదు కదా. ఒళ్ళు వణికి, చెమటలు పట్టి, మాట తడబడితే అది సుగరు పడిపోవడం అని, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని కూడా చెప్పి పంపాలి. రోగి ఇల్లు ఎలా ఉందో తెలిసిన నర్సు మాత్రమే ఇలాంటి మాట చెప్పగలదు.

ఇది కొత్త మాటేమీ కాదు

నర్సింగ్ అనగానే లాంతరు పట్టుకున్న ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ గుర్తొస్తుంది. ఆమె పుట్టినరోజు మే 12ని నర్సుల దినోత్సవంగా జరుపుకుంటాం. కానీ 1859లో ఆమె నర్సింగ్ మీద రాసిన పుస్తకం ఎవరికోసం రాసిందో చాలామందికి తెలియదు. ఆసుపత్రి నర్సుల కోసం కాదు, ఇళ్ళలో తమవాళ్ళ ఆరోగ్యం చూసుకునే మామూలు ఆడవాళ్ళ కోసం. అంటే ఇంటి మనిషికి నేర్పడం అన్నది ఈ వృత్తి పుట్టుకలోనే ఉంది.

మన దేశంలో చూస్తే, 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు లక్షలాది శరణార్థులు బెంగాల్‌లోకి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి, గ్లాసులిచ్చి, రోగుల పక్కనున్న తల్లులకి, అన్నదమ్ములకి తాగించే పద్ధతి నేర్పించాడు. నూటికి 30 దాకా ఉన్న చావులు 3.6కి పడిపోయాయి. ఈ రోజు మన ఆశా అక్క ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్న కథ ఇది. ఆ నీళ్ళెంత గొప్పవో, వాటిని తల్లుల చేతికి ఇవ్వవచ్చు అన్న నమ్మకం అంత గొప్పది.

సావిత్రీబాయి ఫూలేని మనం తొలి ఉపాధ్యాయురాలిగా తలుచుకుంటాం. ఆమె చనిపోయింది ఎలాగో కూడా తెలుసుకోవాలి. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు, ఎవరూ దగ్గరకు రాని రోజుల్లో, జబ్బుపడిన అంటరానివాడలోని పిల్లవాణ్ణి వీపున మోసి వైద్యానికి తీసుకెళ్ళింది. ఆ జబ్బే సోకి మార్చి 10న కన్నుమూసింది. చదువు చెప్పిన చెయ్యే సేవ చేసింది. చదువు, సేవ రెండు వేరువేరు పనులు కావని ఆమె జీవితమే చెబుతోంది.

టైం ఎక్కడుంది అంటారు

ఇక్కడ నర్సు అక్కలు నన్ను నిలదీస్తారని తెలుసు. "వార్డులో నలభై మంది, నేనొక్కదాన్ని. ఇంజెక్షన్లు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు. పాఠాలు ఎప్పుడు చెప్పమంటావు?" న్యాయమైన ప్రశ్న. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. మన చుట్టూ ఉన్న వార్డుల్లో ఆ లెక్క ఎక్కడైనా కనిపిస్తోందా? ఖాళీలు నింపకుండా, ఉన్నవాళ్ళని కాంట్రాక్టు భయంలో పెట్టి, "నవ్వుతూ మాట్లాడండి" అని గోడకు బోర్డు పెడితే లాభం లేదు. రోగికి చెప్పడానికి పట్టే సమయాన్ని డ్యూటీ సమయంగా లెక్కగట్టి పోస్టులు పెంచడం ప్రభుత్వం పని, యాజమాన్యాల పని. నేను నర్సులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళు చెయ్యగలిగిన గొప్ప పనిని వాళ్ళ చేత చెయ్యనివ్వనందుకు రాస్తున్నాను.

అయినా ఈ రోజే, ఉన్న సమయంలోనే చెయ్యగలిగింది ఒకటుంది. "అర్థమైందా?" అని అడగడం మానేసి, "ఇంటికెళ్ళి ఏం చేస్తారో ఓసారి నాకు చెప్పండి" అని అడగడం. రోగి తన మాటల్లో చెబుతాడు. తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది, అక్కడే సరిదిద్దొచ్చు. ఒకేసారి పది సంగతులు చెప్పకుండా ముఖ్యమైన మూడు చెప్పాలి. బీడీ, టీడీఎస్, హెచ్ఎస్ అని కాగితం మీద రాసేది మందుల షాపువాడి కోసం. మామ్మ కోసం బిళ్ళల అట్ట మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీస్తే చాలు. ఇందుకు పట్టేది మూడు నిమిషాలు. మళ్ళీ జబ్బు తిరగబెట్టి అదే మనిషి అదే వార్డుకి వస్తే పట్టేది మూడు వారాలు.

"చదువు రానివాళ్ళకి ఎంత చెప్పినా అంతే" అనేవాళ్ళూ ఉన్నారు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. కింద నిలబడి కాయ ముదిరిందో లేదో చెప్పగల మనిషికి, గోదారి రంగు చూసి వరద ఎన్నాళ్ళకొస్తుందో చెప్పగల మనిషికి, భాష తెలియని దేశంలో పనిచేసి నలుగురు పిల్లల్ని చదివించే తల్లికి బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలో అర్థం కాదా? అర్థమయ్యేటట్టు చెప్పకపోవడం చెప్పేవాళ్ళ లోపం. దానికి తోడు పిలుపు. బాగా బట్టలు కట్టుకున్నవాళ్ళని "మీరు" అని, మాసిన చీర కట్టుకున్న పెద్దావిడని "ఏమే, నువ్వు" అని పిలిచే చోట ఆ పెద్దావిడ సందేహం ఎలా అడుగుతుంది? "మీరు" అన్న మాటకి ఖర్చు లేదు. కానీ ఆ మాట విన్నాకే పేదవాడికి నోరు పెగులుతుంది.

ఈ పని మనదే

ఒకప్పుడు నర్సింగ్ అంటే చిన్నచూపు ఉండేది. రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పని, ఎవరి ఒళ్ళో తుడిచే పని అని పెద్ద కులాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని పంపేవారు కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ లాంటి మిషనరీ వైద్యుల ఆసుపత్రుల్లో మొదట ఈ పని నేర్చుకున్నవాళ్ళలో చాలామంది పేద క్రైస్తవ కుటుంబాల, అంటరానివారన్న ముద్ర పడ్డ కుటుంబాల ఆడపిల్లలే. ఎవరినైతే ముట్టుకోకూడదన్నారో వాళ్ళ చేతులే అందరి గాయాలూ కడిగాయి. ఆ వారసత్వం మనకు సిగ్గు కాదు, గర్వం.

ఇప్పుడు జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదువులు మన హాస్టల్ పిల్లలకి అందుబాటులో ఉన్నాయి. ఆడపిల్లలే కాదు, మగపిల్లలు కూడా చేరుతున్నారు. బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళని ఊళ్ళోని హెల్త్ క్లినిక్కుల్లో నియమించారు. ఆ క్లినిక్కుల బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా, లోపల కూర్చున్న ఆ ఉద్యోగి పని మారదు. బీపీ చూడటంతో, బిళ్ళలు పంచడంతో ఆగకుండా ఊరికి ఆరోగ్య పాఠం చెప్పే బడి అది కావాలి. మన మాట, మన యాస, మన ఇంటి గుట్టు తెలిసిన పిల్ల ఆ కుర్చీలో కూర్చుంటే ఆ బడి నడుస్తుంది. చదువు అయ్యాక విదేశాలకి వెళ్ళే అక్కల్ని నేను తప్పనను. కానీ 2022లో అంబేద్కర్ పేరు పెట్టుకున్న మన జిల్లాకి తిరిగొచ్చే కొందరు మాత్రం కావాలి.

నర్సింగ్ చదవనివాళ్ళకి కూడా పని ఉంది మిత్రులారా. మన ఇళ్ళలో చదవడం వచ్చిన మొదటి మనిషి చాలాసార్లు మనమే. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలో మడతపెట్టిన ఆసుపత్రి కాగితం బయటకి తీయండి. ఏ మందు ఎప్పుడో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి గోడకి అంటించండి. అర్థం కానిది ఉంటే ఆశా అక్కనో, ఏఎన్ఎమ్ గారినో అడగండి. ఆసుపత్రికి తోడు వెళ్ళినప్పుడు "సిస్టరుగారూ, ఇది ఇంకోసారి చెప్పండి, నేను రాసుకుంటాను" అని మర్యాదగా అడగండి. మా నాన్నగారు విన్నది సరిగ్గా ఉందో లేదో ఆయన చేతే చెప్పించండి అని కోరండి. మూడు పాయల గోదావరి మధ్య ఉన్న ఈ నేల మీద, వరదొస్తే పడవెక్కి ఆసుపత్రికి పోవాల్సిన లంకల్లో, ఇంట్లో ఒకరికి తెలిసి ఉండటమే మొదటి వైద్యం.

మనం బళ్ళో ప్రశ్న అడగడం నేర్చుకున్నాం. మన అమ్మానాన్నల తరం పెద్దవాళ్ళ ముందు ప్రశ్న అడగకూడదని నేర్చుకుంది. వాళ్ళ తరఫున ఆసుపత్రిలో ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఇన్నేళ్ళుగా ఈ హాస్టల్ మనకి పెట్టిన అన్నానికి, చెప్పిన చదువుకి మన ఊరికి మనం తీర్చగల మొదటి అప్పు అది.